నెలసరి లెక్కలు, నెల తప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గైనిక్ ఓపీలో కేసు షీటు రాసే బల్ల దగ్గర నేను మొదట అడిగేది ఒకటే: "చివరిసారి డేట్ ఎప్పుడొచ్చిందమ్మా?" జవాబు తారీఖుగా రావడం తక్కువ. "సంక్రాంతికి రెండు రోజుల ముందు" అంటారు. "మా ఆడపడుచు పెళ్ళయిన మూడో రోజు" అంటారు. గోడ మీది క్యాలెండర్ తిరగేసి ఇద్దరం కలిసి తారీఖు పట్టుకుంటాం. ఆ తర్వాత వాళ్ళు నన్నడిగే ప్రశ్నలు మాత్రం ఏళ్ళ తరబడి దాదాపు ఇవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళండి. మిమ్మల్ని పరీక్ష చేసి చూసిన డాక్టర్ ఇందుకు భిన్నంగా చెబితే ఆ మాటే వినండి.

## ముందుగా లెక్క

ఒకటో రోజు అంటే ఏది? తలస్నానం చేసిన రోజా?

కాదు. ప్యాడ్ పెట్టుకోవాల్సినంత ఎర్రగా కనిపించిన రోజే ఒకటో రోజు. దానికి ముందు మరకలా కనిపించినది లెక్కలోకి రాదు. మళ్ళీ డేట్ వచ్చే ముందు రోజు దాకా ఒక చక్రం. జూన్ 3న వచ్చి మళ్ళీ జులై 2న వస్తే మీ చక్రం 29 రోజులు. నాలుగో రోజు తలస్నానం నుంచి లెక్కపెట్టుకునే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. అలా లెక్కపెడితే డాక్టర్ "పదో రోజు స్కాన్‌కి రండి" అన్నప్పుడు మీరు పదమూడో రోజున వస్తారు. కొందరికి అప్పటికే అండం విడుదలైపోయి ఉంటుంది.

సరిగ్గా 28 రోజులకే రావాలా? నాకు 32 రోజులకు వస్తుంది.

రానక్కర్లేదు. 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలుగానే చూస్తారు. ఒక నెల 30, ఇంకో నెల 33 అయినా కంగారు అక్కర్లేదు. ప్రతిసారీ 32 రోజులకు వచ్చే మనిషికి 28 రోజుల మనిషి కంటే తక్కువేమీ లేదు. కాకపోతే ఆమెకి అండం నాలుగు రోజులు ఆలస్యంగా విడుదలవుతుంది, అంతే.

అండం 14వ రోజున విడుదలవుతుందని అందరూ అంటారు. నిజమేనా?

28 రోజుల చక్రం ఉన్నవాళ్ళకు సుమారుగా నిజం. మిగతావాళ్ళను ఈ 14 చాలా తిప్పలు పెట్టింది. 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే డాక్టర్లు ఎవరికి వారుగా చూసి తేల్చింది వేరు. అయిపోయిన డేట్ నుంచి ముందుకు కాదు, రాబోయే డేట్ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

కారణం సులువే. చక్రంలో రెండు భాగాలున్నాయి. అండం ఎదిగే మొదటి భాగం సాగుతుంది, కుదించుకుంటుంది. జ్వరమొచ్చినా, ప్రయాణాలైనా, టెన్షన్ ఎక్కువైనా సాగేది ఇదే. అండం విడుదలయ్యాక డేట్ వచ్చేదాకా ఉండే రెండో భాగం చాలామందిలో 12 నుంచి 14 రోజులు, పెద్దగా మారదు. అందుకని 35 రోజుల చక్రంలో విడుదల 21వ రోజు దగ్గర, 24 రోజుల చక్రంలో 10వ రోజు దగ్గర ఉంటుంది.

చిక్కేమిటంటే, రాబోయే డేట్ వచ్చాక గానీ తెలియదు. అందుకే గత ఆరు నెలల డేట్లు రాసి ఉంచుకోమంటాం. 2000లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 213 మంది మహిళలను గమనిస్తే, గర్భం వచ్చే రోజులన్నీ పుస్తకంలో చెప్పినట్టు 10 నుంచి 17వ రోజు లోపే ఉన్నవాళ్ళు సుమారు 30 శాతమే.

నెలలో అసలు ఎన్ని రోజులు అవకాశం ఉంటుంది?

ఆరు. అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు రోజులు. బయటికొచ్చిన అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది. వీర్యకణాలు మాత్రం అనుకూలంగా ఉంటే లోపల అయిదు రోజుల దాకా నిలుస్తాయి. కాబట్టి బస్సు రాకముందే స్టాండులో ఉండాలి, వెళ్ళిపోయాక పరుగెత్తి లాభం లేదు. విడుదలకు ముందు రెండు రోజులు, విడుదలైన రోజు, ఈ మూడింటికీ అవకాశం ఎక్కువ.

## ప్రయత్నిస్తున్న నెలల్లో

ఏ రోజుల్లో కలవాలి? రోజు విడిచి రోజా?

డేట్ ఆగినప్పటి నుంచి రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే ఏ లెక్కా లేకుండానే ఆ ఆరు రోజులూ దొరుకుతాయి. ఆ రోజుల్లో ప్రతిరోజూ కలిసినా నష్టం లేదు. "వీర్యం దాచిపెట్టి ఒక్కసారే" అని వారం పదిరోజులు ఆగడం మాత్రం తెలివైన పని కాదు, ఆగేకొద్దీ కణాల కదలిక తగ్గుతుంది. తర్వాత కాళ్ళు గోడకు ఆనించి పడుకోవడం, లేవకుండా ఉండటం అవసరం లేదు. "ఇవాళే, రాత్రి పదింటికే" అని భర్తకి మెసేజ్ పెట్టే ఇళ్ళు కూడా చూశాను. నైట్ షిఫ్టులో ఉన్న మనిషికి ఆ మెసేజే సగం జబ్బు.

నెల మధ్యలో తెల్లబట్ట ఎక్కువవుతోంది, సాగుతోంది. ఇన్ఫెక్షనా?

చాలామందిలో కాదు. పైగా మీరు వెతుకుతున్న గుర్తు అదే. రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా విడదీయండి. పచ్చి గుడ్డులోని తెల్లసొనలా, అద్దంలా పారదర్శకంగా, అంగుళానికి పైగా తెగకుండా సాగితే అండం విడుదల దగ్గరపడిందన్నమాట. వీర్యకణాలు ఈదుకుంటూ పైకి వెళ్ళేది ఆ జిగటలోనే. విడుదలయ్యాక ఒకటి రెండు రోజుల్లో అది చిక్కబడి, జిగురుగా మారి, తగ్గిపోతుంది.

తెల్లబట్ట అయితే ఒంట్లో సత్తువంతా పోతుందని మన ఊళ్ళలో భయం. ఒకమ్మాయి ఇన్ఫెక్షన్ అనుకుని సరిగ్గా ఆ నాలుగు రోజులే భర్తకు దూరంగా ఉండేది, ఏడాదిన్నర పాటు. పెరుగు విరిగినట్టు ఉండి దురద పెడితే, పచ్చగా లేక బూడిద రంగులో ఉండి వాసన వస్తే, మంట ఉంటే అప్పుడది ఇన్ఫెక్షన్. డాక్టర్‌కి చూపించాలి.

ఫోన్ యాప్‌లో చూపించే "ఫెర్టైల్ డేస్" నమ్మొచ్చా?

డేట్లు మాత్రమే ఎక్కిస్తే యాప్ చేసేది మీ పాత డేట్ల సగటు తీయడమే. మీ కడుపులో ఏం జరుగుతోందో దానికి తెలియదు. డేట్లు ఒక పద్ధతిలో వచ్చేవాళ్ళకు ఫర్వాలేదు. 28, 45, 33 అంటూ వచ్చేవాళ్ళకు అది చూపే రంగులు ఊహే. డేట్లు రాసుకునే నోట్‌బుక్‌గా మాత్రం బాగా పనికొస్తుంది.

మందుల షాపులో దొరికే అండం కిట్ వాడొచ్చా? ఒంటి వేడి చూసుకోవడం?

కిట్ మూత్రంలో ఎల్‌హెచ్ అనే హార్మోన్ పెరగడాన్ని పట్టుకుంటుంది. పాజిటివ్ వచ్చిన 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. కాబట్టి ఆ రోజు, మర్నాడు ముఖ్యం. రాబోయే డేట్‌కి సుమారు 17 రోజుల ముందు నుంచి చూసుకోవడం మొదలుపెట్టండి. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో డేట్లు దూరమయ్యే సమస్య) ఉన్న కొందరిలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండి కిట్ ఊరికే పాజిటివ్ చూపిస్తుంది, డబ్బు దండగ.

ఒంటి వేడి సంగతి వేరు. అండం విడుదలయ్యాక పొద్దున్నే లేవగానే చూసే ఉష్ణోగ్రత 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అంటే జరిగిపోయాక చెబుతుంది. మీకు అండం విడుదలవుతోందని తెలియడానికి ఉపయోగమే గానీ, ఈ నెల కలవడానికి అప్పటికే ఆలస్యం.

ఆషాఢంలో పుట్టింట్లో ఉన్నాను, కార్తీకంలో ఆయన మాల వేసుకున్నారు. "ఏడాది నుంచి ప్రయత్నం"లో ఇవి లెక్కా?

లెక్క కాదు. ఆ ఆరు రోజుల్లో ఇద్దరూ కలిసి ఉన్న నెలలనే లెక్కపెట్టాలి. ఆషాఢం ఒక చక్రాన్ని తీసేస్తుంది. 41 రోజుల అయ్యప్ప దీక్ష ఒకటి, ఒక్కోసారి రెండు తీసేస్తుంది. ఆయన హైదరాబాద్‌లో, మీరు ఊళ్ళో ఉండి శని ఆదివారాలే కలుస్తుంటే కొన్ని నెలలు ఆ రోజులు తప్పిపోయే ఉంటాయి. పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లల్లేరని ఏడుస్తూ వచ్చిన ఒకామె భర్త గల్ఫ్‌లో పనిచేస్తాడు. సెలవులన్నీ కలిపి చూస్తే వాళ్ళు ఒకచోట ఉన్నది ఏడు నెలలు. పుట్టింటివాళ్ళకూ అత్తింటివాళ్ళకూ ఆ లెక్క ఒక కాగితం మీద వేసి చూపించమన్నాను. "ఏమైనా విశేషమా" అని ఫోన్ చేసేవాళ్ళకి కూడా.

అన్నీ బాగుంటే మొదటి నెలలోనే రావాలి కదా?

రావాలని లేదు. ముప్పై లోపు వయసులో ఏ సమస్యా లేని జంటకు కూడా ఒక్కో నెల అవకాశం సుమారు 20 నుంచి 25 శాతమే. ఏడాది గడిచేసరికి వందలో దాదాపు 85 జంటలకు గర్భం వస్తుంది. 35 దాటాక తగ్గుదల వేగమవుతుంది. 40 దగ్గర నెలకు 5 శాతం ప్రాంతంలో ఉంటుంది. డేట్లు ఠంచనుగా వస్తున్నా వయసు ప్రభావం వయసుదే.

సరి రోజుల్లో కలిస్తే మగపిల్లాడట కదా?

కాదు. ఆడా మగా అన్నది తండ్రి వీర్యకణం మోసుకొచ్చే క్రోమోజోమ్‌ని బట్టి ఉంటుంది, క్యాలెండర్‌లో సరి బేసిని బట్టి కాదు. సరి రోజులు మాత్రమే అని పట్టుబడితే పోయేది అవకాశమే. కడుపులో బిడ్డ ఎవరో తెలుసుకోవడం, ముందే ఎంచుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

## డేట్లు తేడాగా ఉన్నప్పుడు

నాకు ప్రతినెలా ఠంచనుగా వస్తుంది. అయినా ఎందుకు నిలవట్లేదు?

సక్రమంగా వచ్చే డేట్ చెప్పేది ఒక్కటే: అండం విడుదలవుతున్నట్టే ఉందని. అండం గర్భసంచికి చేరే దారైన ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో అది చెప్పదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) ఉందో లేదో చెప్పదు. అండం నాణ్యత చెప్పదు. అన్నిటికంటే ముఖ్యంగా, మీ ఆయన గురించి ఒక్క ముక్క చెప్పదు.

సంతానం ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వీర్యపరీక్ష చవక, నొప్పి లేదు, 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. అయినా ఆమెకి నాలుగు నెలల ఫాలిక్యులర్ స్కాన్లు (అండం ఎదుగుదల చూసేవి), ట్యూబ్ టెస్ట్ అన్నీ అయ్యాక కూడా ఆయన ఫైలు ఖాళీగా ఉండటం ఎన్నిసార్లు చూశానో. "ఆయనకేం, బాగానే ఉన్నాడు" అని అత్తగారు బల్ల దగ్గరే చెప్పేస్తారు. బాగుండటానికీ కణాల లెక్కకూ సంబంధం లేదు.

రెండు మూడు నెలలకోసారి వస్తుంది. ఇక పిల్లలు పుట్టరా?

పుడతారు. మీకు తగ్గింది అవకాశాల సంఖ్య. నెలనెలా వచ్చేవాళ్ళకు ఏడాదికి 12, 13 అండాలు విడుదలైతే మీకు నాలుగో అయిదో, అవీ ఎప్పుడో తెలియకుండా. కొన్నిసార్లు అండం విడుదల కాకుండానే బ్లీడింగ్ అవుతుంది.

ఎక్కువమందిలో కారణం పీసీఓడీ. డేట్లు దూరం కావడం, మగ హార్మోన్ల లక్షణాలు (గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు), స్కాన్‌లో చిన్నచిన్న ఫాలికల్స్ (అండం ఎదిగే తిత్తులు) ఎక్కువగా కనిపించడం, ఈ మూడింటిలో ఏ రెండున్నా, వేరే కారణాలు లేవని చూసుకుని, పీసీఓడీ అంటారు. స్కాన్ రిపోర్టు ఒక్కటే చూసి భయపడకండి. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళు 5 నుంచి 10 శాతం తగ్గితేనే చాలామందిలో డేట్లు దారికొస్తాయి. 80 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడే హార్మోన్) కూడా చూస్తారు. బాగా సన్నబడినా, అతిగా వ్యాయామం చేసినా డేట్లు ఆగుతాయి.

అండం విడుదలకు ఎక్కువగా లెట్రోజోల్ మాత్రలు ఇస్తారు. చాలామంది ఇంటికెళ్ళి ఫోన్‌లో చూసి "రొమ్ము క్యాన్సర్ మందు ఇచ్చారు" అని హడలిపోతారు. మొదట ఆ జబ్బుకే వచ్చిన మందు, నిజమే. మన దేశంలో 2011లో సంతానలేమికి దీన్ని వాడకుండా ప్రభుత్వం ఆపింది, 2017లో మళ్ళీ అనుమతించింది. ఇప్పుడు పీసీఓడీలో అండం విడుదలకు మొదట ఎంచుకునే మందు ఇదే. డాక్టర్ చెప్పకుండా మాత్రం కొనుక్కోకండి.

నాకు 20, 21 రోజులకే వచ్చేస్తుంది.

అది మూడు రకాలుగా జరగొచ్చు. అండం తొందరగా విడుదల కావచ్చు, ముప్పైల చివర్లో ఇది మామూలే. అండమే విడుదల కాకపోవచ్చు. లేదా మీరు రెండో డేట్ అనుకున్నది నెల మధ్యలో కనిపించే మరక కావచ్చు. మూడు నెలల పాటు ఎన్ని రోజులు, ఎంత బ్లీడింగ్ అని రాసుకుని చూపిస్తే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది. డేట్ ఆగేసరికే అండం దగ్గరపడుతుంది కాబట్టి మీరు కలవడం అప్పుడే మొదలుపెట్టండి.

బ్లీడింగ్ ఒకటిన్నర రోజే అవుతుంది. చెడు రక్తం లోపల ఉండిపోతోందా?

చెడు రక్తమంటూ ఏమీ లేదు, ఉండిపోయేదీ లేదు. మొదటి నుంచీ అంతే అయితే, డేట్లు సక్రమంగా ఉంటే వదిలేయండి. ఇంతకుముందు నాలుగు రోజులు అయ్యేది, అబార్షన్ అయి శుభ్రం చేశాక ఒక్కసారిగా తగ్గింది అంటే మాత్రం గర్భసంచి లోపలి పొరలు అతుక్కున్నాయేమో చూడాలి. మన దేశంలో మరో కారణం టీబీ. టీబీ అంటే దగ్గే అనుకుంటాం గానీ అది ట్యూబుల్లో, గర్భసంచిలో కూడా వస్తుంది. బ్లీడింగ్ తగ్గిపోతుంది, ట్యూబులు మూసుకుపోతాయి, చాలామందికి దగ్గే ఉండదు.

డేట్ రోజుల్లో నొప్పి తట్టుకోలేను. గర్భం రానిది దానివల్లా?

మొదటి రోజు నొప్పి ఒక మాత్రతో తగ్గితే సమస్య కాదు. ఏటేటా పెరుగుతూ, ఆఫీసుకి సెలవు పెట్టించే నొప్పి, కలిసినప్పుడు లోపల నొప్పి, డేట్ రోజుల్లో విరేచనానికి వెళ్ళినా నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ అనుమానించాలి. ఇందులో డేట్లు చక్కగానే వస్తాయి, అందుకే ఏళ్ళు గడిచిపోతాయి. "పెళ్ళయితే తగ్గుతుంది" అన్న మాట విని ఆగకండి.

వ్రతానికి, తిరుపతికి డేట్ వాయిదా మాత్రలు వేసుకున్నాను. దెబ్బతిన్నదా?

ఎప్పుడో ఒకసారి వేసుకుంటే పిల్లలు పుట్టే శక్తికి ఏమీ కాదు. మాత్రలు ఆపిన రెండు మూడు రోజుల్లో డేట్ వస్తుంది, అక్కడి నుంచి కొత్త లెక్క. ఆ ఒక్క నెల లెక్క మాత్రం చెదురుతుంది. ప్రయత్నిస్తున్న నెలల్లో వేసుకోకపోవడమే మేలు. అప్పటికే నీళ్ళోసుకుని ఉండొచ్చు, "వాయిదా పడింది" అనుకుని మీకు తెలియకుండా పోతుంది.

గర్భం రాకుండా వాడినవి ఆపాక ఎన్నాళ్ళకు అవకాశం?

కాపర్-టీ తీయించుకున్న నెల నుంచే. రోజువారీ మాత్రలైతే ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు నెలల్లో డేట్లు సర్దుకుంటాయి. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ (ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంతర పేరుతో ఇచ్చేది) అయితే ఓపిక పట్టాలి. చివరి ఇంజెక్షన్ తర్వాత సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది. పాడైపోయినట్టు కాదు.

పాలిస్తున్నాను, ఇంకా డేట్ రాలేదు. రెండో కాన్పుకి అవకాశం ఉంటుందా?

ఉంటుంది. ప్రసవం తర్వాత మొదటి డేట్ కంటే ముందే అండం విడుదల కావచ్చు. డేట్ చూడకుండానే మళ్ళీ నెల తప్పినవాళ్ళున్నారు.

## డేట్ దాటాక

యూరిన్ టెస్ట్ ఎప్పుడు చేసుకోవాలి?

డేట్ రావాల్సిన రోజు దాటాక, పొద్దున మొదటి మూత్రంతో. డేట్లు ఎప్పుడొస్తాయో తెలియనివాళ్ళు చివరిసారి కలిసిన మూడు వారాలకు చేస్తే ఫలితం నమ్మొచ్చు. రెండో గీత లేతగా ఉన్నా గీత గీతే, రెండు రోజులాగి మళ్ళీ చూడండి.

డేట్ పది రోజులు దాటింది, టెస్ట్ నెగెటివ్. ఏమైంది?

ఎక్కువసార్లు అయ్యేది ఇది: ఆ నెల అండం ఆలస్యంగా విడుదలైంది, కాబట్టి డేటూ ఆలస్యం. వారం ఆగి మళ్ళీ టెస్ట్ చేయండి. అప్పుడూ నెగెటివే, డేటూ లేదంటే డాక్టర్‌ని కలవండి. డేట్ రావడానికి మాత్రలు అడిగి తెచ్చుకుని మీకు మీరే వేసుకోవద్దు.

డేట్‌కి ముందు చిన్న మరక కనిపించింది. నిలిచినట్టా, పోయినట్టా?

మరకను చూసి ఎవరూ చెప్పలేరు, టెస్టే చెప్పాలి. టెస్ట్ పాజిటివ్ వచ్చి, పొత్తికడుపులో ఒకవైపు గట్టి నొప్పి, కళ్ళు తిరగడం, భుజం నొప్పి, బ్లీడింగ్ వీటిలో ఏది ఉన్నా ఆ రాత్రికి ఆగొద్దు. గర్భం ట్యూబులో ఉందేమోనని వెంటనే చూడాలి, అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

## డాక్టర్ దగ్గరికి

ఎన్నాళ్ళు ఆగి చూపించుకోవాలి?

35 లోపు అయితే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు, 40 దగ్గరపడితే ఆగొద్దు. డేట్లు రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, విపరీతమైన నొప్పి ఉన్నా, గతంలో టీబీ గానీ ట్యూబులో గర్భం గానీ వచ్చినా ఏ వయసైనా ముందే వెళ్ళండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు మాత్రం ప్రయత్నం మొదలుపెట్టక ముందు నుంచే వేసుకోవాలి. షుగర్, ఫిట్స్ ఉన్నవాళ్ళకు డోసు వేరు, డాక్టర్‌నే అడగండి.

"21వ రోజు రక్తపరీక్ష" రాశారు. నా చక్రం 35 రోజులు, అయినా 21నే వెళ్ళాలా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు తెలివైనవాళ్ళు. అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టిరాన్ పరీక్ష అది. డేట్‌కి వారం ముందు చేయాలి. 28 రోజులవాళ్ళకు అది 21వ రోజు, మీకు 28వ రోజు. 21న చేయిస్తే తక్కువ చూపించి, అండమే విడుదల కావట్లేదని పొరపాటు పడే ప్రమాదముంది. చీటీ రాసినప్పుడే మీ చక్రం ఎన్ని రోజులో డాక్టర్‌కి గుర్తుచేయండి.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?

ఆరు నెలల డేట్లు రాసిన కాగితం, పాత స్కాన్లు, వాడిన మందుల చీటీలు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే ఆ స్ట్రిప్. ఇంకా, మీ ఆయన్ని. బయట బండి దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడితే కాదు, లోపలికి, రెండో కుర్చీలోకి.